నెంబరు వేసిన చెట్లు

కోకిల మగ్గం గుంటలోంచి లేవనంది.

మధ్యాహ్నం చెరువు దగ్గర్నుంచి వచ్చి గుంటలోకి దిగిన పిల్ల, దీపాలు పెట్టే వేళయినా అక్కడే కూచుని ఉంది. పైన సగం నేసిన లుంగీ, కింద ఆ పిల్ల, ఒళ్ళో గోనెసంచి, సంచిలో కూలిన గూటిలోంచి తెచ్చిన రెండు కొంగపిల్లలు. ఒకటి తలెత్తి నోరు తెరుస్తోంది. రెండోది తలెత్తడం మానేసి చాలాసేపయింది. ఆ సంగతి కోకిలకు చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

"ఈపొద్దు తై నెల కిర్తిక," అంది తులసమ్మ గుమ్మంలో నిలబడి. "తిరుత్తణి సామికని నేను పొద్దున్నించీ పచ్చినీళ్ళు గూడా తాగలా. నా మనవరాలు నడింట్లో కూర్చోని నత్తలు పగలగొడతావుంది. మగ్గం కింద! నీసు వాసన! ఈ ఇంట్లో సామి ఉంటాడా?"

కోకిల ఒక్క మాట ఎదురు చెప్పి ఉంటే తులసమ్మ ఇంకో నాలుగు మాటలు అని మనసు తేలిక చేసుకునేది. కోకిల ఇంకో నత్త అందుకుంది. రాతితో నత్తను చితక్కొట్టి, లోపలి మెత్తటి ముక్క వేలితో తీసి, నోరు తెరిచినదాని గొంతులో పెట్టింది.

గోడకానుకుని దేవకి నిలబడి ఉంది. బడి నుంచి వచ్చి చేతుల సుద్దపొడి కూడా కడుక్కోలేదు. కోకిల కన్నతల్లి పోయిన మరుసటి ఏడు, ఆ పిల్ల చిన్నాన్న ద్వారకనాథ్‌ను పెళ్ళి చేసుకుని ఈ ఇంటికి వచ్చింది దేవకి. అప్పట్నుంచి బావగారి కూతురికి తల దువ్వింది, అక్షరాలు దిద్దించింది, తను సైన్సు చెప్పే హైస్కూల్లో చేర్పించింది, తను పెట్టిన ప్రకృతి సంఘంలో మొట్టమొదటి సభ్యురాల్ని చేసింది. ఆ పిల్ల ఇప్పుడు తనవైపు చూడటం లేదు.

చూడకపోవడంలో తప్పేముంది? నిన్నా ఇవాళా చెరువులో కూలిన నల్లతుమ్మ చెట్ల మీద నెంబర్లు వేయించింది దేవకే.

వేలంలో అమ్మే చెట్లకు ఫారెస్టు వాళ్ళు బెరడు చెక్కి తారుతో నెంబరు వేస్తారు. దేవకికి ఆ సంగతి తట్టలేదు. కొంగలు గూళ్ళు కట్టిన చెట్లను ఏరి, ఒక్కో పిల్లకు ఒక్కో చెట్టు అప్పగించి, ఎవరి చెట్టు ఏదో తెలియాలని నెంబర్లు వేయించింది. గరుకు బెరడు మీద తారు నిలవకపోతే చెక్కించింది కూడా. పిల్లలు ఎంత సంబరపడుతూ చెక్కారని! గొడ్డళ్ళు సరిగ్గా ఆ నెంబర్ల వెంటే వచ్చాయి. కోకిల చెట్టు నిన్ననే పడింది.

ఆ గొడ్డళ్ళను పంపింది పరాయివాడా అంటే కాదు, కోకిల తండ్రి మునిరత్నం. నూలుకు రంగులు వేసే సాయంపట్టడ ఆయనది. రంగునీళ్ళు కాగాలంటే కట్టెలు కావాలి, అందుకని చెరువులో కొన్ని చెట్లు వేలం పాడాడు. తమ్ముడు ద్వారకనాథ్ ఆ పట్టడలోనే పనిచేస్తాడు. అన్నదమ్ములిద్దరిలో మోచేతుల దాకా రంగు అంటిన చేతులు తమ్ముడివి. అన్న తెల్లచొక్కా మీద చుక్క కూడా ఉండదు.

ఆ తెల్లచొక్కాతోనే మునిరత్నం లోపలికి వచ్చాడు.

"ఇంకా లేవలేదా? ఏమే, పైకి రా."

కోకిల సంచిని ఒళ్ళోకి ఇంకాస్త లాక్కుంది.

"నిన్నేనే పిలిచేది."

"ఉండనీరా, పసిబిడ్డ," అంది తులసమ్మ. ఇంతసేపూ తిట్టిన నోటితోనే.

"పసిబిడ్డేంది? వచ్చే ఏడు పావడ మింద తావణి కట్టే పిల్ల. కొంగపిల్లలకి ఇంత శోకమా? నేనేమన్నా దొంగతనంగా కొట్టించినానా? నలుగురి ముందర ఏలం పాడినా. నెంబరుండే చెట్టు కొట్టించినా. ఆ నెంబరు ఎవురేసినారో మీ చిన్నమ్మనడుగు."

"అడగబళ్ళేదు బావా," అంది దేవకి. "నేనే ఏయించినా. దానికీ తెలుసు, పిలకాయలందరికీ తెలుసు. ఎన్నిసార్లు చెప్తారు?"

"చెప్పాల్సిందే. నిన్న కట్టమింద నిలబడి, పిలకాయల్ని ఎనకేసుకోని, ఆపండి ఆపండి అని అరిచినావే! ఊరంతా వేడుక చూసింది. మునిరత్నం పాపిష్టోడని పేరు. ఇప్పుడు చెప్పు, పాపం ఎవురిది?"

దేవకి కళ్ళు గుంటవైపు వెళ్ళాయి. కోకిల చేతిలో రాయి ఆగింది.

"నాదే," అంది దేవకి.

ఆ ఒక్క మాట అనడానికి ఆమె ఎంత నలిగిందో మునిరత్నానికి పట్టలేదు. పంచాయితీలో నెగ్గినవాడిలా కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"సరి. చెరువులో ఆ పక్కన మిగిలినవి రేప్పొద్దున్నే కొట్టేస్తారు. ఆదివారం కొంగల్ని చూసేదానికి మీ మదరాసోళ్ళు వచ్చి మోళ్ళు చూసుకోని పోతారు."

"వాటిమింద గూళ్ళుండాయి బావా. ఒక నెల. ఒక్క నెల ఆగితే పిల్లలు ఎగిరిపోతాయి. తరవాత కొట్టుకోండి, నేను కట్టమింద అడుగు పెట్టను."

"పొంగలయినాక ఆర్డరొచ్చింది. పట్టడలో కట్టె లేదు. నెలంతా పొయ్యిలో ఏం పెట్టేది, మీ పిలకాయల నోట్సులా?"

మునిరత్నం వెళ్ళిపోయాడు. గుంటలో రాయి మళ్ళీ నత్త మీద పడింది. అవసరానికి మించి గట్టిగా పడింది.

*

వీధిలో మోటారుసైకిలు చప్పుడు విని దేవకి అరుగు మీదికి వచ్చింది. ఆరోగ్యస్వామి. తిరువళ్ళూరు మనిషి. బండి వెనక స్లైడు ప్రొజెక్టరు కట్టుకుని జిల్లాలో బడులన్నీ తిరిగి, పిల్లలకు పిట్టల్నీ చెట్లనీ చూపించే శిబిరాలు నడుపుతాడు. దేవకికి ఈ పని నేర్పింది ఆయనే. చెట్లకు నెంబర్లు వేసి గూళ్ళు లెక్కపెట్టే పద్ధతి కూడా ఆయన శిబిరంలో నేర్చుకున్నదే.

"విన్నా టీచర్. రొంబ కష్టంగా ఉండాది," అన్నాడు ఆయన, అరుగు అంచున కూర్చుంటూ. "అయినా ఆదివారం ప్రోగ్రాం ఆపేదానికి లేదు. మదరాసు నుంచి పెద్దోళ్ళు వస్తావుండారు. బస్సు గూడా మాట్లాడేసినారు."

"వచ్చి ఏం చూస్తారు సార్?"

"మిగిలింది చూపిస్తాం."

"మిగిలింది రేపు పోతాది. ఆపేదానికి మీరేమన్నా సాయం చేస్తారా?"

ఆయన ఆ ప్రశ్న వినిపించుకోలేదు. గొంతు తగ్గించాడు.

"నేను ఒకటి ఆలోచించినా. పోయిన గూళ్ళ సంగతి అడిగితే, పూసలమ్మే వాళ్ళొచ్చి పెరికేసినారని చెప్పేస్తాం. వాళ్ళు పిట్టలు పట్టేది అందరికీ తెలిసిందే. ఎవురూ మళ్ళా అడగరు. మీ నెంబర్ల మాటే రాదు."

 దేవకి జవాబు వీధి చివర దాకా వినపడింది.

"వాళ్ళు తిరుత్తణి బస్టాండులో పిల్లాజెల్లాతో పడుకోనుండే వాళ్ళు సార్. ఆదివారం మీరీ మాట అంటే, సోమవారం పోలీసులు వాళ్ళ ఈపులు పగలగొడతారు. మీకు తెలీదా?"

"పోలీసు దాకా ఎందుకు పోతాది టీచర్? ఉత్త మాట."

"ఉత్త మాట! ఉత్త నెంబరే గదా అనుకోనే నేనూ ఏయించినా. ఏమయిందో చూసినారు గదా?"

"నెంబరెయ్యమని చెప్పింది నేనే, ఒప్పుకుంటా. బెరడు చెక్కమని నేను చెప్పలా."

"చెప్పలేదు. ఆ తెలివి నాదే. నా తప్పు మీ నెత్తిన రుద్దను, భయపడొద్దండి. కానీ మొదటి క్యాంపులో పిలకాయలకి మీరేం చెప్పినారు? చూసింది చూసినట్టు చెప్పాల, చూడనిది చూడలేదనాల అన్నారు. పిలకాయలు ఇప్పటికీ ఆ మాట అప్పజెప్తారు. రేపు వాళ్ళ మొకాలు చూసి, పూసలమ్మే వాళ్ళే చేసినారని నేను చెప్పాల్నా? నోరెట్లా వస్తాది సార్?"

ఆరోగ్యస్వామి ముఖం మాడిపోయింది.

"మీరొక్కరు తప్పు ఒప్పేసుకుంటే మీ మనసు బాగుంటాది. జిల్లాలో ఏ హెడ్‌మాస్టరయినా ఇంక పిల్లల్ని నా క్యాంపుకి పంపిస్తాడా? పన్నెండేళ్ళు ఊరూరూ తిరిగినా నేను. దీనికోసరం పెళ్ళి గూడా చేసుకోలేదు. అదంతా మీకు లెక్క లేదు."

"అబద్ధం చెప్పే క్యాంపుకి పంపించకపోతేనే మేలు."

ఆయన లేచాడు. బండి తన్నాడు. అది పలకలేదు. మళ్ళీ తన్నాడు. కోపంగా వెళ్ళాలనుకున్న మనిషికి బండి కదలకపోవడం కంటే నామోషీ ఇంకోటి ఉండదు. చివరికి ప్రొజెక్టరు బరువుతో సహా వీధి మలుపు దాకా తోసుకుంటూ వెళ్ళాడు. ఎదురింటి వాళ్ళు నవ్వారు. దేవకికి నవ్వు రాలేదు. ఈ పన్నెండేళ్ళలో ఆయన చేసిన మంచిని ఆమె మరిచిపోలేదు, అందుకే ఇంకా ఒళ్ళు మండిపోయింది.

*

దేవకి పెరట్లో బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ ఉండగా వెనక తలుపు చప్పుడయింది. చెట్లు కొట్టే కూలీలకు మేస్త్రీ ఏళుమలై. తువ్వాలు నడుముకు చుట్టుకుని, పెరటి చివరనున్న పట్టడ ముందు నిలబడ్డ మునిరత్నం దగ్గరికి వెళ్ళాడు. ద్వారకనాథ్ ఆ పక్కనే నీలం కారుతున్న నూలు వెదురు మీద ఆరేస్తున్నాడు.

"రేపటి సంగతి అడిగి పోదామని వచ్చినా అయ్యా."

"అడిగేదానికేముంది? ఆ పక్కనుండేవి కొట్టెయ్యి."

"అదే అయ్యా చెప్పేది. ఆ పక్క చెట్లకి గూడా ముద్దర లేదు. నిన్నా ఈపొద్దూ కొట్టినవాటికీ లేదు. రేంజరు వచ్చి మోళ్ళు చూస్తే పట్టుకోని పోయేది మమ్మల్ని గదా. నాకు వేండాం అయ్యా. వేరే మనిషిని చూసుకోండి."

"గమ్మునుండరా," అన్నాడు మునిరత్నం. బావి వైపు ఒకసారి చూశాడు.

అప్పటికే ఆలస్యమయింది. దేవకి చేతిలో చెంబు జారి రాళ్ళ మీద పడి దొర్లింది.

"ఏం ముద్దర, ఏళుమలై?"

ఏళుమలై మునిరత్నం ముఖం చూశాడు, టీచరమ్మ ముఖం చూశాడు. టీచరమ్మ దగ్గర అతని కొడుకు చదువుతున్నాడు.

"ఏలంలో ఇచ్చే చెట్టుకి నెంబరొకటే ఉండదమ్మా. కింద మొదట్లో సుత్తితో ముద్దర కొడతారు. మాను కొట్టేసినా మోడుమింద అది నిలిచుంటాది. ముద్దర లేని చెట్టుని తాకగూడదు. నేను పోయిన శనివారమే అడిగినా. నెంబరుంటే చాలు, అన్నీ మనవే కొట్టు అని చిన్నయ్య చెప్పినాడు. చిన్నయ్య మాట మింద కొట్టినా."

చిన్నయ్య అంటే ద్వారకనాథ్.

నూలు మీద నుంచి నీలం రంగు బొట్లు బొట్లుగా నేలమీద పడుతోంది. పట్టడ లోపల అండాలో నీళ్ళు మరుగుతున్నాయి.  ఏళుమలై తువ్వాలు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు, ఇక్కడ తన పని అయిపోయిందని తెలిసి వెనక తలుపు గుండా వెళ్ళిపోయాడు.

"బావా. మీకు తెలుసు," అంది దేవకి.

"ఏం తెలుసు నాకు?"

"అవి మీరు పాడిన చెట్లు కావని తెలుసు. పిలకాయలేసిన నెంబర్లని తెలుసు. తెలిసే కొట్టించినారు. కొట్టించి, రెండు దినాలుగా పాపం ఎవురిదని నన్ను నిలదీస్తావుండారు. మీ కన్నకూతుర్ని గూడా నమ్మించినారు. సిగ్గు లేదా మీకు?"

బావగారిని పట్టుకుని అంత మాట ఆ ఇంట్లో ఏ కోడలూ అనలేదు. తులసమ్మ వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది.

మునిరత్నం అరవలేదు. అరిస్తే బాగుండేది.

"అవును, తెలుసు. ఏం చేస్తావమ్మా? రేంజరు కాడికి పోతావా? పో. తిరుత్తణికి బస్సు ఉండనే ఉండాది. సర్కారు చెట్టుమింద దొంగ నెంబరేసింది ఎవురని ఆయన మొదట అడగతాడు. ఏసింది సర్కారు జీతం తినే టీచరు. ముందు నీ ఉద్యోగం, తరవాత నా పట్టడ. రెండూ పోతే ఈ ఇంట్లో పొయ్యి మండదు. అమ్మనే అడుగు, సమ్మతమేనా అని."

దేవకి అత్త వైపు చూసింది. తులసమ్మ కొడుకు వైపు చూసింది, కోడలి వైపు చూసింది.

"నాకు కళ్ళు తిరగతావుండాయి. ఉపవాసం," అని లోపలికి వెళ్ళిపోయింది.

*

ద్వారకనాథ్ కంచం ముందు కూర్చున్నాడు. దేవకి గిన్నె మూత తీయలేదు.

"ఎప్పుడు చూసినారు మీరు?"

"ఏంది?"

"ముద్దర లేదని."

అతను నీలం ఎండిన వేళ్ళను చూసుకున్నాడు. "ఏళుమలై అడిగినప్పుడే. అన్న నా పక్కనే ఉండాడు. ఏమీ అనలేదు. నా మొకం చూసినాడు. నేను చెప్పేసినా."

"ఆయన నోటితో చెప్పలేదు."

"చెప్పలేదు."

"ఎప్పుడూ చెప్పడు. మీ నోటితో చెప్పిస్తాడు, మీ చేతులతో చేయిస్తాడు. ఆయన చొక్కా తెల్లగా ఉంటాది."

"నాయిన పోయినప్పుడు నన్ను పెంచిందెవురు? అన్న మొకం మింద అట్లా కాదు అని నేనెట్లా అంటా?"

"నేనూ ఒక బిడ్డని పెంచినా. ఆ బిడ్డ రెండు దినాలుగా నన్ను చూడలేక తల తిప్పుకుంటా ఉండాది. అది చూస్తానే మీరు సంగటి తిన్నారు. నిన్న నేను మీ భుజంమింద పడి ఏడిస్తే ఈపు నిమిరినారు. ఎట్లా నిమిరినారయ్యా? చెయ్యి ఎట్లా వచ్చింది?"

ద్వారకనాథ్ ఆ చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు. ఆ మనిషి చెడ్డవాడు కాడు. చెడ్డవాడయితే ఆమెకు ఇంత మంట ఉండేది కాదు.

"నా తప్పు లేదని నేననడం లేదు," అంది దేవకి. "నెంబరు నాది. అది నేను చెప్పుకుంటా, ఉద్యోగం పోతే పోనీ. రేంజరాఫీసు తెరిచేది పది గంటలకి. వీళ్ళు గొడ్డళ్ళు ఎత్తేది తెల్లారగానే. ఏళుమలై పోతే ఇంకొక మేస్త్రీని తెస్తాడు మీ అన్న. ముందు చెరువు కాడికి పోవాల. మీరు నాతో రండి. మీ నోటితో కొట్టమన్నారు, మీ నోటితోనే వద్దని చెప్పండి. నేనడిగేది అంతే."

అతను కంచం అంచు వేలితో రుద్దాడు. "చూస్తాంలే."

ఆ ఇంట్లో ఆ మాటకు అర్థమేమిటో పదేళ్ళుగా దేవకికి తెలుసు. గిన్నె ఎత్తి పొయ్యి పక్కన పెట్టేసింది. కంచం ఖాళీగానే ఉంది.

వంటింటికీ మగ్గం గదికీ మధ్య గోడ మెడ ఎత్తుకే ఉంటుంది. అవతల చప్పుడయింది. కోకిల గుంటలోంచి లేచి వచ్చి గడపలో నిలబడింది. మధ్యాహ్నం నుంచి మడిచి పెట్టిన కాళ్ళు, నిలబడలేక తడబడుతోంది. చేతిలో సంచి.

"చిన్నమ్మా. ఇది చచ్చిపోయింది."

రెండు రోజుల తర్వాత ఆ పిల్ల నోట వచ్చిన మొదటి మాట. దేవకి దగ్గరికి వెళ్ళింది.

"చూసినా నాన్నా."

"ఎప్పుడు చూసినావు?"

"సాయంత్రమే."

కోకిల ఆమెను తేరిపార చూసింది.

"నువ్వు గూడా చెప్పలేదే."

చెంప మీద కొట్టినా దేవకికి అంత తగిలేది కాదు. పక్కన తలవంచుకున్న మొగుణ్ణి ఒకసారి చూసి, మళ్ళీ ఆ పిల్లను చూసింది.

"తప్పే," అంది. "ఇంక చెప్తా. అన్నీ చెప్తా. రేపు నువ్వు నాతో రా."

*

తెల్లారేసరికి చెరువు మీద మంచు ఇంకా విడలేదు. కట్ట కింద పిల్లలు చలికి చేతులు కట్టుకుని నిలబడ్డారు. కోకిల ఇంటింటికీ వెళ్ళి లేపి తెచ్చింది. ఇవతలంతా మోళ్ళు, విరిగిన కొమ్మలు, తొక్కుడు పడ్డ గూళ్ళు. అవతల మిగిలిన నల్లతుమ్మల మీద పెద్ద కొంగలు ముక్కులు టకటకలాడిస్తున్నాయి.

దేవకి పిల్లల ముందు నిలబడింది. 

"చెట్టుకి నెంబరేసేది కొట్టేదానికి గుర్తు. నాకు తెలియాల్సింది, తెలియలేదు. మీ చేత ఏయించినా. అది నా తప్పు. అవి మీరేసిన నెంబర్లని తెలిసే కొట్టించినోళ్ళు ఉండారు. అది వాళ్ళ తప్పు. నాది చిన్నదని చెప్పను. ఇప్పుడు మనం చేసేది ఒకటే. ఆ నెంబర్లు ఉండకూడదు."

"ఒక్కటి గూడా?" అంది రాజామణి, కోకిల పక్కన కూర్చునే పిల్ల. ఆమె చెట్టు ఇంకా నిలబడే ఉంది.

"ఒక్కటి గూడా."

రాళ్ళతో గీకారు. కొబ్బరి చిప్పలతో గీకారు. కిరసనాయిలు గుడ్డలతో తుడిచారు. వేసేటప్పుడు నిలవని తారు ఇప్పుడు వదలనంది. గౌన్లకంటింది, జుట్టుకంటింది. దేవకి చేతులు మణికట్ల దాకా నల్లబడ్డాయి.

కూలీలు వచ్చారు. ముందు ఏళుమలైయే ఉన్నాడు. వద్దన్నా రావలసి వచ్చినట్టు ముఖం ముడుచుకుని ఉంది. చెక్కిన చోట్లు ఒక్కొక్కటీ చూశాడు. గొడ్డలి కింద పెట్టి కట్ట మీద కూర్చుని బీడీ వెలిగించాడు. మిగతావాళ్ళూ కూర్చున్నారు.

"నెంబరుంటే, చూసి మోసపోయినామని చెప్పుకోవచ్చు," అన్నాడు ఎవరికీ కాకుండా. "నెంబరు గూడా లేకపోతే మేము దొంగలమే గదా. నేను ఎత్తను."

అప్పుడు వచ్చాడు మునిరత్నం. స్కూటరు కట్ట మీద ఆపాడు. వెనక సీటు మీద నుంచి దిగింది ద్వారకనాథ్. ఒక చేతిలో తారు డబ్బా, ఇంకో చేతిలో బ్రష్షు.

 "చూస్తాంలే" అన్న మాటకు దేవకి అనుకున్న అర్థం కూడా కాదు, అంతకంటే అధ్వానం.

మునిరత్నం గీకిన చెట్లను చూశాడు, కూర్చున్న కూలీలను చూశాడు. సంగతి అర్థం చేసుకోవడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టదు. ఇలా జరగొచ్చని రాత్రే ఊహించి తారు తెచ్చాడు.

"ద్వారకా. మళ్ళా ఏసెయ్యి. పాత నెంబర్లే."

ద్వారకనాథ్ కదల్లేదు.

"ఏయమంటే నిన్నే!"

"బావా," అంది దేవకి.  "ఆ బ్రష్షు మీరే పట్టుకోండి. ఎందుకు పట్టుకోరు?"

"నువ్వు పక్కకి జరుగు."

"పట్టుకోరు. రేంజరొస్తే తారు ఎవురి చేతికుండాదో చూస్తాడు. అందుకే ఈయన్ని తెచ్చినారు." రెండు చేతులూ మొగుడికి ఎత్తి చూపించింది. "ఇదిగో, నా చేతులు. ఇది నాదని నేను పోయి చెప్పుకుంటా. మీరేసేది మీరే చెప్పుకోవాల. అప్పుడు మీ అన్న మిమ్మల్నెరగనంటాడు. ఆలోచించుకోని ఏయండి."

మునిరత్నం పళ్ళు నూరాడు. "ఆడదాని మాట ఇంటావా? నా మాట ఇంటావా?"

కోకిల పిల్లల్లోంచి ఇవతలికి వచ్చింది. తండ్రి ముందు నుంచే నడిచి వెళ్ళి, రాజామణి చెట్టు మొదట్లో, తారు గీకిన చోట వీపు ఆనించి కూర్చుంది. పైన గూట్లో పిల్లలు ఆకలికి అరుస్తున్నాయి.

"చిన్నాయనా," అంది. "ఈ చెట్టు నెంబరు పదహారు. మరిచిపోయుంటావు. ఏసేటట్టయితే బాగా కనపడేటట్టు ఏయి. నేను లేవను."

"లేపరా దాన్ని!" అరిచాడు మునిరత్నం.

ద్వారకనాథ్ డబ్బా నేల మీద పెట్టాడు. వంగి బ్రష్షు తారులో ముంచాడు. ముంచడం చూసి రాజామణి ఏడుపు మొదలుపెట్టింది. దేవకి కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి అతను చెట్టు దగ్గర లేడు. అన్నకు ఎదురుగా నిలబడ్డాడు. తారు కారుతున్న బ్రష్షును పిడివైపు తిప్పి, నీలం చేత్తో ముందుకు చాపాడు.

"నువ్వే ఏయన్నా."

కట్ట మీద ఏళుమలై బీడీ పారేసి లేచి నిలబడ్డాడు.

బ్రష్షు తిప్పిన విసురుకు చిమ్మిన తారు చుక్క ఒకటి మునిరత్నం తెల్లచొక్కా మీద పడి ఉంది. ఆయన దాన్ని చూసుకున్నాడు. తమ్ముణ్ణి చూశాడు. చెట్టుకు ఆనుకుని తననే చూస్తున్న కూతుర్ని చూశాడు.

ఆయన చెయ్యి పైకి లేచింది. బ్రష్షు అందుకోవడానికో, తమ్ముణ్ణి కొట్టడానికో అక్కడున్న ఎవరికీ తెలియలేదు.